దగ్గరి జంట తారల్లో ఒకటి పేలితే రెండోది ఏమవుతుంది: కాగితం మీద లెక్క కట్టే పద్ధతి

మార్చి మొదటి వారంలో, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలో గానీ ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరంలో గానీ సముద్రం ఎడమ చేతి వైపు ఉండేలా దక్షిణానికి తిరిగి నిలబడండి. కుడి పక్కన, నేలకు రెండు పిడికిళ్ల ఎత్తులో తెల్లగా వెలిగేది అగస్త్య నక్షత్రం. చేయి చాపి బిగించిన పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలకు సమానం కనుక, కొలతకు వేరే పరికరం అక్కర్లేదు. అగస్త్యుడి నుంచి ఎడమకు, కొంచెం పైకి, ఇంకో రెండు పిడికిళ్ల దూరం జరిగితే మరో ప్రకాశవంతమైన తార కనిపిస్తుంది. దాని పేరు గామా వెలోరమ్. అది మనకు సుమారు 1,100 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కంటికి ఒక్క చుక్కగా కనిపిస్తున్నా, నిజానికి అక్కడ ఒకదాని చుట్టూ ఒకటి 78.5 రోజులకు ఒకసారి తిరిగే రెండు భారీ తారలున్నాయి. బైనాక్యులర్ పెట్టి చూస్తే దాని పక్కనే ఇంకో చిన్న చుక్క విడిగా కనిపిస్తుంది గానీ, మనం మాట్లాడుకునే జంట అది కాదు. మన జంట ఏ బైనాక్యులర్‌కూ విడిపడనంత దగ్గరిది.

ఆ రెండింటిలో ఒకటి సూపర్‌నోవాగా పేలవలసిన దశకు చేరువగా ఉంది. అది పేలిన రోజున తోడు తార గతి ఏమవుతుందో, జంట నిలుస్తుందో విడిపోతుందో, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన ఎవరైనా ఒక తెల్ల కాగితం, ఫోన్‌లోని కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకొని లెక్క కట్టవచ్చు. ఆ పద్ధతిని గామా వెలోరమ్‌నే ఉదాహరణగా తీసుకొని వరుసగా వివరిస్తాను.

మొదట రాసుకోవలసిన మూడు సంఖ్యలు

రెండు తారల ద్రవ్యరాశులు, ఒక చుట్టుకు పట్టే కాలం: ఈ మూడూ కావాలి. ద్రవ్యరాశిని సూర్యుడితో పోల్చి, కాలాన్ని సంవత్సరాల్లో, దూరాన్ని భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంతో పోల్చి రాసుకుంటే లెక్క చాలా తేలికవుతుంది, ఎందుకంటే అప్పుడు కెప్లర్ మూడో నియమంలో స్థిరాంకాలేవీ మిగలవు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న సుమారు 15 కోట్ల కి.మీ. దూరాన్ని ఇక్కడ ఒక ‘ఏకకం’ అందాం.

గామా వెలోరమ్‌లో పేలబోయే తార ద్రవ్యరాశి సుమారు 9, తోడు తారది సుమారు 28.5, మొత్తం 37.5. కాలం 78.5 రోజులు, అంటే 0.215 సంవత్సరం. కాలాన్ని వర్గం చేసి, మొత్తం ద్రవ్యరాశితో గుణించి, వచ్చినదానికి ఘనమూలం తీయండి. 1.2 ఏకకాలు వస్తుంది. అంటే సూర్యుడి నుంచి భూమి ఎంత దూరమో దాదాపు అంతే దూరంలో రెండు మహా తారలు ఎదురెదురుగా తిరుగుతున్నాయన్న మాట.

తర్వాత, ఒకదానితో పోల్చినప్పుడు రెండోదాని వేగం కట్టాలి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 29.8 కి.మీ. వేగంతో తిరుగుతుంది. మొత్తం ద్రవ్యరాశిని దూరంతో భాగించి, వర్గమూలం తీసి, 29.8తో గుణిస్తే మన జంట వేగం వస్తుంది: సెకనుకు సుమారు 167 కి.మీ. ఈ సంఖ్య చివరి దాకా అవసరమవుతుంది కనుక దాని చుట్టూ గీత గీసి ఉంచుకోండి.

పేలేది ఏ తారో జాగ్రత్తగా నిర్ణయించండి

ఈ మెట్టును తొందరపడి దాటకూడదు. భారీ తార తన ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసుకుంటుంది కనుక పుట్టుకతో పెద్దదే ముందు పేలాలి. మరి గామా వెలోరమ్‌లో 28.5 ఉన్న తారను వదిలి 9 ఉన్న తార ముందు పేలుతుందని ఎందుకు అంటున్నాం? నేను మొదటిసారి ఇలాంటి లెక్క చేసినప్పుడు పుట్టుకనాటి ద్రవ్యరాశులనే వేసుకున్నాను. ఏ జంటను తీసుకున్నా విడిపోతుందనే జవాబు వచ్చింది. పేలిన తారల కేంద్రభాగాలు మిగిల్చిన న్యూట్రాన్ తారలున్న జంటలు ఆకాశంలో కళ్లెదుట కనిపిస్తుండగా అలాంటి జవాబు సరైనది కాజాలదు.

తప్పు ఎక్కడుందంటే, దగ్గరి జంటలో తారలు పుట్టిన బరువుతోనే చావవు. ప్రతి తార చుట్టూ దాని ఆకర్షణకు లోబడిన ఒక పరిధి ఉంటుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఎడ్వార్ రోష్ పేరు మీద దాన్ని రోష్ లోబ్ అంటారు. వయసు మళ్లిన తార ఉబ్బి ఆ పరిధిని నింపేసినప్పుడు, చెరువు నిండి కలుజు మీదుగా నీరు పొర్లినట్టు, దాని పైపొరల వాయువు తోడు తార మీదికి పొర్లిపోతుంది. ఈ మార్పిడిలో పెద్దది చిన్నదవుతుంది, చిన్నది పెద్దదవుతుంది. భారీ తారల్లో 70 శాతానికి పైగా తమ జీవితకాలంలో తోడుతో ఇలా ద్రవ్యరాశి మార్పిడి చేసుకుంటాయని 2012లో ప్రచురితమైన ఒక పరిశీలన తేల్చింది. గామా వెలోరమ్‌లోని 9 సౌర ద్రవ్యరాశుల తార ఈ విధంగా తన హైడ్రోజన్ పైపొరను పోగొట్టుకొని లోపలి భాగం బయటపడిన తార. అలాంటివాటిని వుల్ఫ్-రాయే తారలు అంటారు.

కాబట్టి పేలుడు క్షణానికి సరిగ్గా ముందు ఉన్న ద్రవ్యరాశులనే లెక్కలోకి తీసుకోండి. రెండు తారల వ్యాసార్థాలూ వాటి మధ్య దూరంలో ఇముడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. సమాన ద్రవ్యరాశులున్న జంటలో ఒక్కో రోష్ లోబ్ వ్యాసార్థం మధ్య దూరంలో 0.38 వంతు ఉంటుంది. సూర్యుడికి వందల రెట్లు ఉబ్బిన ఎర్ర మహాతారను పావు ఏకకం దూరంలో కూర్చోబెట్టి లెక్క చేస్తే సంఖ్యలు వస్తాయి గానీ, అలాంటి జంట ప్రకృతిలో ఉండదు.

సగం నియమం

ఇప్పుడు పేలిద్దాం. కేంద్రభాగం కుప్పకూలి 1.4 సౌర ద్రవ్యరాశుల న్యూట్రాన్ తార మిగిలిందనుకుందాం. 9లో నుంచి 1.4 తీసేస్తే 7.6 సౌర ద్రవ్యరాశుల పదార్థం ఎగిరిపోయింది. జంటలో మిగిలినది 29.9.

ఎగిరిపోయిన పదార్థం సెకనుకు సుమారు 10,000 కి.మీ. వేగంతో వెళుతుంది. 1.2 ఏకకాల దూరంలో ఉన్న తోడు తారను దాటడానికి దానికి సుమారు 5 గంటలు చాలు. 78 రోజుల చుట్టులో 5 గంటలు ఒక రెప్పపాటు వంటిది. అందుచేత, తారల స్థానాలు గానీ వేగాలు గానీ మారేలోగా బరువు మాత్రం మాయమైపోయిందని భావించవచ్చు. లెక్క ఇంత తేలిక కావడానికి కారణం ఇదే. ఆ పదార్థపు గుల్ల తోడు తారను దాటి విస్తరించాక, దాని ఆకర్షణ లోపల ఉన్న జంట మీద ఇక పని చేయదు.

జొన్న చేలో పిట్టలను తోలే వడిసెలను గుర్తు చేసుకోండి. రాయి గిరగిరా తిరుగుతున్నప్పుడు తాడు బిగువే దాన్ని వలయంలో ఉంచుతుంది; ఒక కొస వదిలితే రాయి ఆ క్షణంలో తనకున్న వేగంతో, ఆ క్షణంలో తానున్న దిశలోనే దూసుకుపోతుంది. జంట తారలకు ఆ తాడు గురుత్వాకర్షణ. అయితే ఇక్కడ తాడు పూర్తిగా తెగదు, బలహీనపడుతుంది. ఎంత బలహీనపడితే తార చేజారుతుంది? ఒక చోట వలయంలో తిరగడానికి కావలసిన వేగానికి, అక్కడి నుంచి తప్పించుకొని పోవడానికి కావలసిన వేగం రెండు వర్గమూలం రెట్లు, అంటే సుమారు 1.41 రెట్లు. ద్రవ్యరాశి సగానికి తగ్గిపోతే, ఇంతకు ముందు వలయానికి సరిపోయిన వేగమే ఇప్పుడు తప్పించుకోవడానికి సరిపోతుంది. అందుకే వృత్తాకార కక్ష్యలో ఉన్న జంట తన మొత్తం ద్రవ్యరాశిలో సగం కన్నా ఎక్కువ ఒక్కసారిగా కోల్పోతే విడిపోతుంది. సగం కన్నా తక్కువైతే నిలుస్తుంది. డచ్చి ఖగోళ శాస్త్రవేత్త అడ్రియాన్ బ్లావ్, ఒంటరిగా వేగంగా పరిగెత్తే కొన్ని భారీ తారలు ఇలా విడిపోయిన జంటల నుంచే వచ్చి ఉంటాయని 1961లో ప్రతిపాదించాడు.

మన ఉదాహరణలో సగం అంటే 18.75. పోయినది 7.6. జంట నిలుస్తుంది.

కొత్త కక్ష్య ఆకారం

నిలిచిన జంట మునుపటి వృత్తంలో తిరగదు. ఎగిరిపోయిన ద్రవ్యరాశిని మిగిలిన ద్రవ్యరాశితో భాగించండి: 7.6ను 29.9తో భాగిస్తే 0.254. కొత్త కక్ష్య ఉత్కేంద్రత ఇదే. సున్నా అయితే వృత్తం, ఒకటికి చేరితే జంట తెగిపోయినట్టు.

కొత్త సగటు దూరం కోసం, మిగిలిన ద్రవ్యరాశిని తీసుకొని, దాన్ని పాత మొత్తం నుంచి పోయినదానికి రెట్టింపు తీసివేసిన సంఖ్యతో భాగించండి. 29.9ను 22.3తో భాగిస్తే 1.34, పాత దూరం 1.2తో గుణిస్తే 1.61 ఏకకాలు. కెప్లర్ నియమంలో మళ్లీ వేస్తే కొత్త కాలం సుమారు 136 రోజులు. లెక్క సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది: కొత్త కక్ష్యలో అతి దగ్గరి దూరం పాత దూరానికి సమానం కావాలి. 1.61ను (1 − 0.254)తో గుణిస్తే 1.2 వస్తుంది. రాకపోతే ఎక్కడో తప్పు చేశారు.

ఒక హెచ్చరిక అవసరం. గామా వెలోరమ్ కక్ష్య ఇప్పటికే వృత్తం కాదు. దాని ఉత్కేంద్రత సుమారు 0.33. పద్ధతి అర్థం కావడానికే వృత్తంగా తీసుకున్నాను. నిజమైన లెక్కలో పేలుడు వేళకు రెండు తారలూ దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు వేగం ఎక్కువ, తెగే అవకాశమూ ఎక్కువే.

జంట మొత్తానికీ వచ్చే పరుగు

శ్రీహరికోట నుంచి లేచే రాకెట్‌ను డాబా మీద నుంచి చూస్తూ పెరిగిన మనకు, పదార్థాన్ని వెదజల్లితే వేగం వస్తుందనేది సహజంగా తోచే మాట. అయితే రాకెట్ వాయువును ఒకే వైపుకు తోస్తుంది. సూపర్‌నోవా అన్ని వైపులకూ సమానంగా వెదజల్లితే పేలిన తారకు దాని వల్ల ఏ తోపుడూ తగలదు. అయినా జంట మొత్తం ఒక దిక్కుకు పరుగు తీస్తుంది. ఎందుకో చూద్దాం.

ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుతున్నారనుకోండి. పెద్దపిల్ల నెమ్మదిగా చిన్న వలయంలో, చిన్నపిల్ల వేగంగా పెద్ద వలయంలో తిరుగుతుంది. మధ్య బిందువు కదలదు. చిన్నపిల్ల వీపున ఉన్న పుస్తకాల సంచి ఆ ఊపులో జారి ఎగిరిపోతే, అది ఆ పిల్ల వేగాన్ని కూడా తీసుకొనే పోతుంది. ఆ మేరకు మిగిలిన ఇద్దరూ ఎదురు దిశకు తూలతారు. పేలిన తార వెదజల్లిన గుల్ల కూడా ఆ తార కక్ష్యా వేగాన్ని తీసుకొని పోతుంది.

లెక్క ఇలా: తోడు తార ద్రవ్యరాశిని మొత్తంతో భాగించి 167తో గుణిస్తే పేలే తార వేగం వస్తుంది, సెకనుకు 127 కి.మీ. దాన్ని ఉత్కేంద్రత 0.254తో గుణించండి. సెకనుకు 32 కి.మీ. జంటకు వచ్చే పరుగు ఇదే. చిన్నదిగా తోచవచ్చు గానీ, ఈ వేగంతో 10 లక్షల ఏళ్లలో జంట తాను పుట్టిన చోటి నుంచి 100 కాంతి సంవత్సరాలకు పైగా వెళ్లిపోతుంది.

పేలుడు ఒక పక్కకు ఒరిగితే

ఇంత వరకూ చేసినది పేలుడు సమానంగా జరిగినప్పటి లెక్క. నిజానికి న్యూట్రాన్ తార పుట్టే పేలుళ్లు చాలా వరకు ఒక పక్కకు ఒరుగుతాయి. అప్పుడు రాకెట్ సూత్రం పనిచేసి, పుట్టిన న్యూట్రాన్ తారకు పెద్ద తోపుడు తగులుతుంది. 233 పల్సార్ల (గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ తారల) చలనాన్ని పరిశీలించి 2005లో వెలువడిన అధ్యయనం ప్రకారం, యువ పల్సార్ల సగటు వేగం సెకనుకు సుమారు 400 కి.మీ. నా దృష్టిలో మొత్తం విషయంలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే, ఎందుకంటే సగం నియమం నిలుస్తుందని చెప్పిన జంటను ఈ తోపుడు తెంచగలదు, తెగుతుందని చెప్పిన జంటను నిలపగలదు.

ముందుగా, తెగిపోయే హద్దు కట్టండి. మిగిలిన ద్రవ్యరాశిని పాత మొత్తంతో భాగించి, రెండుతో గుణించి, వర్గమూలం తీసి, 167తో గుణించండి. సెకనుకు 211 కి.మీ. వస్తుంది. తోపుడు తగిలిన తర్వాత తోడు తారతో పోల్చినప్పుడు న్యూట్రాన్ తార వేగం ఈ హద్దు లోపల ఉంటే జంట నిలుస్తుంది.

ఇప్పుడు కాగితం మీద 167కు ఒక బాణం గీయండి. సెకనుకు 20 కి.మీ.కు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే సరిపోతుంది. తోపుడు తార వెళ్లే దిశలోనే తగిలితే 167కు కలుస్తుంది: 40 తోపుడుతో 207 అవుతుంది, జంట నిలుస్తుంది, 60 తోపుడుతో 227 అవుతుంది, తెగుతుంది. అదే తోపుడు ఎదురు దిశలో తగిలితే వేగం తగ్గి జంట మరింత గట్టిగా ముడిపడుతుంది. ఎదురు తోపుడు 167ను మించితే న్యూట్రాన్ తార వెనక్కి తిరిగి, తోడు తార చుట్టూ వ్యతిరేక దిశలో తిరగడం మొదలుపెడుతుంది. 378 వరకు ఎదురు తోపుడును ఈ జంట తట్టుకోగలదు. అయితే తోపుడు 167కు మరీ దగ్గరగా ఉంటే వేగం దాదాపు మిగలక, న్యూట్రాన్ తార నేరుగా తోడు తారలోకే పడిపోయే ప్రమాదం ఉంది. కక్ష్య తలానికి నిట్టనిలువుగా తగిలే తోపుడుకు పైథాగరస్ సూత్రం వాడండి: 211 వర్గంలో నుంచి 167 వర్గం తీసివేసి వర్గమూలం తీస్తే 129. అంత వరకు జంట నిలుస్తుంది, కానీ కక్ష్య తలం పక్కకు వాలిపోతుంది. తోడు తార మాత్రం పాత తలంలోనే తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది.

సగటు తోపుడు 400 అని, ఈ జంట హద్దు ఏ దిశలోనూ 378 దాటదని పక్కపక్కన రాసుకొని చూడండి. యువ పల్సార్లలో అత్యధిక భాగం ఒంటరిగానే ఎందుకు కనిపిస్తాయో ఆ రెండు సంఖ్యలే చెబుతాయి.

తోడు తార మీద పడే దెబ్బ

పక్కనే సూపర్‌నోవా పేలితే తోడు తార ఛిన్నాభిన్నమైపోతుందని చాలామంది అనుకుంటారు. కట్టి చూద్దాం. తోడు తార వ్యాసార్థాన్ని మధ్య దూరానికి రెట్టింపుతో భాగించి వర్గం చేస్తే, పేలుడు పదార్థంలో దానికి తగిలే వాటా వస్తుంది. గామా వెలోరమ్ తోడు తార వ్యాసార్థం సూర్యుడికి సుమారు 17 రెట్లు, 1.2 ఏకకాలంటే 258 సౌర వ్యాసార్థాలు. వాటా వెయ్యింట ఒకటి మాత్రమే. ఆ పదార్థమంతా తన వేగాన్ని తోడు తారకు అప్పగించినా, 28.5 సౌర ద్రవ్యరాశుల ఆ తారకు సెకనుకు 3 కి.మీ. వేగం కూడా రాదు.

శ్వేత కుబ్జ తార, అంటే సూర్యుడి వంటి తార ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న సాంద్ర తార, పేలే జంటల్లో సంగతి వేరు. అక్కడ తోడు తార తన రోష్ లోబ్‌ను నింపి ఉంటే, మధ్య దూరం దాని వ్యాసార్థానికి మూడు రెట్లే ఉండవచ్చు. అప్పుడు వాటా దాదాపు 3 శాతం. పైపొరలు చెక్కుకుపోయి, మిగిలిన తార వేడెక్కి ఉబ్బుతుంది.

తోడు తారలు బతికి బయటపడతాయనడానికి పరిశీలనలు కూడా ఉన్నాయి. ఎం81 గెలాక్సీలో 1993లో పేలిన సూపర్‌నోవా 1993జె స్థానంలో తోడు తార జాడ దొరికిందని 2004లో ప్రకటించారు. ఎన్‌జీసీ 157 గెలాక్సీలో కనిపించిన 2022జెఎల్ఐ అనే సూపర్‌నోవా కాంతి 12.4 రోజులకు ఒకసారి హెచ్చుతగ్గులు చూపింది. పేలుడు మిగిల్చిన సాంద్ర గోళం తోడు తార చుట్టూ తిరుగుతూనే ఉందనడానికి దాన్ని ఆధారంగా భావిస్తున్నారు. విడిపోయిన జంట కూడా ఒకటి దొరికింది. ఎస్147 అనే సూపర్‌నోవా అవశేషం లోపల ఒక పల్సార్, హెచ్‌డీ 37424 అనే తార వేర్వేరు దిక్కులకు పరిగెత్తుతున్నాయి; వెనక్కి లెక్క కడితే రెండూ ఒకే చోట కలుస్తాయి.

రెండో పేలుడు, వెనక్కి కట్టే లెక్క

మొదటి పేలుడును తట్టుకున్న జంటలో తోడు తార కూడా ఒకనాటికి పేలుతుంది. అది 10 సౌర ద్రవ్యరాశులకు తగ్గి పేలిందనుకున్నా, 1.4 న్యూట్రాన్ తారతో కలిపి మొత్తం 11.4, పోయేది 8.6, సగం 5.7. జంట తెగిపోతుంది. రెండు న్యూట్రాన్ తారలు కలిసి మిగలాలంటే రెండో తార పేలేలోగా బాగా చిక్కిపోయి ఉండాలి.

ఎంత చిక్కిందో వెనక్కి కట్టవచ్చు. తోపుడు లేదనుకుంటే, ఇప్పటి ఉత్కేంద్రతను ఇప్పటి మొత్తం ద్రవ్యరాశితో గుణిస్తే పేలుడులో పోయిన ద్రవ్యరాశి వస్తుంది. 2003లో కనుగొన్న జంట పల్సార్‌లో ద్రవ్యరాశులు 1.34, 1.25, ఉత్కేంద్రత 0.088. పోయినది 0.23 సౌర ద్రవ్యరాశి మాత్రమే. 1974లో హల్స్, టేలర్ కనుగొన్న జంటకు ఉత్కేంద్రత 0.617, మొత్తం 2.83, పోయినది 1.75. రెండు జంటలూ చూడడానికి ఒకలాంటివే, పుట్టుకలు మాత్రం ఇంత భిన్నంగా ఉన్నాయి. గురుత్వ తరంగాలు ఉత్కేంద్రతను క్రమేణా తగ్గిస్తాయి కనుకా, తోపుడును మనం వదిలేశాం కనుకా ఈ సంఖ్యలను అంచనాలుగానే తీసుకోవాలి.

కృష్ణబిలాల విషయంలో ఈ పద్ధతి ఇంకా ఆసక్తికరమైన జవాబిస్తుంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ పరిశీలించిన సిగ్నస్ ఎక్స్-1లో సుమారు 21 సౌర ద్రవ్యరాశుల కృష్ణబిలం తోడు తార చుట్టూ 5.6 రోజులకు ఒకసారి, దాదాపు వృత్తంలో తిరుగుతోంది. దాదాపు వృత్తమంటే పోయిన ద్రవ్యరాశి స్వల్పమన్న మాట. ఆ తార పెద్ద పేలుడు లేకుండానే కుప్పకూలి ఉండవచ్చు.

మిగిలిన ఒక లెక్క మీరే చేయండి. అదే తీరంలో, గామా వెలోరమ్ నడి దక్షిణం దాటిన సుమారు 50 నిమిషాలకు, మూడున్నర పిడికిళ్ల ఎత్తులోకి హెచ్‌డీ 77581 అనే తార వస్తుంది. కంటికి అందదు, బైనాక్యులర్ కావాలి. వేలా ఎక్స్-1 అనే న్యూట్రాన్ తార దాని చుట్టూ 8.96 రోజులకు ఒకసారి తిరుగుతోంది, ఉత్కేంద్రత 0.09, మొత్తం ద్రవ్యరాశి సుమారు 25. ఈ జంట పరుగుకు ముందున్న వాయువు విల్లులా వంగి ఉండడాన్ని 1997లో గుర్తించారు. పోయిన ద్రవ్యరాశి, పాత దూరం, పాత కాలం, జంటకు వచ్చిన పరుగు: ఈ నాలుగూ వరుసగా కట్టండి. అంత దగ్గరి కక్ష్యను తోడు తార ఆటుపోట్లు కొంత గుండ్రపరిచి ఉంటాయి కనుక, మీకు వచ్చే 2.25 సౌర ద్రవ్యరాశులు పోయినదానికి కనీస అంచనాగా మాత్రమే నిలుస్తుంది.